గ్రాముల లెక్క సరే, ఒంటికి ఏమవుతుందో రాయరేం?

సంపాదకుల గారికి,

పోయిన వారం మీ మొదటి పేజీలో వచ్చిన, మత్తుమందుల పార్టీ మీద పోలీసుల దాడి వార్త గురించి ఈ ఉత్తరం. చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపంలో మాట తూలుతుందని నాలుగు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు.

ఎన్ని గ్రాములు దొరికాయో రాశారు, వాటి విలువ రాశారు. ముఖాలు దాచుకుంటూ వ్యాన్ ఎక్కుతున్న ఆడపిల్లల ఫొటో పెద్దగా వేశారు. దొరికినవన్నీ కలిపి 'మత్తు పదార్థాలు' అని ఒక్క మాటతో సరిపెట్టారు. స్పృహ తప్పిన కుర్రాడిని ఆస్పత్రికి తరలించారని చివర్లో ఒక్క వాక్యం. అతను ఏం తీసుకున్నాడు, ఎందుకు పడిపోయాడు, పక్కనున్నవాళ్లు ఏం చేసి ఉండాల్సింది? ఇవేవీ లేవు.

నాకెందుకింత బాధంటే, మా అక్క కొడుకు రెండేళ్లు కెటమిన్ అనే మత్తుమందు పొడి పీల్చాడు. మాకెవరికీ తెలియదు. మాకు తెలిసిందల్లా మూత్రంలో మంట, పావుగంటకోసారి లేవడం, రాత్రి నిద్ర లేకపోవడం. చూపించిన ఆస్పత్రిలో ఇన్ఫెక్షన్ అన్నారు. పరీక్షలో క్రిములేవీ లేవని రిపోర్టు వస్తున్నా, యాంటీబయాటిక్స్ కోర్సు మీద కోర్సు రాశారు. వాడు చెప్పలేదు, వాళ్లు అడగలేదు. చివరికి వేరే డాక్టరు ఒకాయన మమ్మల్ని బయట కూర్చోబెట్టి, వాడిని ఒక్కడినే అడిగితే అసలు సంగతి బయటపడింది.

కెటమిన్ మూత్రంలో కలిసి బయటికి పోతూ మూత్రాశయం లోపలి పొరను పుండు చేస్తుందని ఆయన చెప్పారు. పోనుపోను ఆ సంచి గట్టిపడి కుంచించుకుపోతుందట. ముదిరితే ఆపరేషన్ దాకా పోతుంది. ఇంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆ నొప్పి ఓర్చుకోలేక మావాడు మళ్లీ అదే పొడి పీల్చేవాడు. ఈ జబ్బు గురించి వైద్య పత్రికలు 2007 నుంచీ రాస్తున్నాయి. మరి మన పత్రికల్లో ఎందుకు లేదు?

'ఆపరేషన్లలో ఇచ్చే మందే కదా పిన్నీ' అన్నాడు వాడు. నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో కూడా అది ఉంది. కానీ మత్తు డాక్టరు పక్కనే ఉండి ఊపిరీ గుండే చూసుకుంటూ ఒకసారి ఇవ్వడం వేరు, వారానికి నాలుగు రాత్రులు లెక్కాపత్రం లేకుండా పీల్చడం వేరు. ఈ తేడా వాడికి చెప్పినవాళ్లు లేరు.

ఎక్స్టసీ అని పిలిచే ఎండీఎంఏ మత్తుమాత్ర సంగతీ అంతే. ఒంట్లో వేడి పెంచుతుంది. జనంతో కిక్కిరిసిన గదిలో గంటల తరబడి ఎగురుతుంటే ఆ వేడి 40 డిగ్రీలు దాటి కండరాలు, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. అందుకని ఎవరో చెప్పారని అదేపనిగా లీటర్లకొద్దీ నీళ్లు తాగితే అదీ ప్రమాదమే. ఈ మందు నీటిని బయటికి పోనివ్వదు, రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. పైగా ఆ పేరుతో అమ్మే మాత్రలో పీఎంఏ అనే ఇంకో విషం ఉండొచ్చు. అది ఆలస్యంగా ఎక్కుతుంది. పనిచేయలేదనుకుని రెండోది మింగినవాళ్లు చనిపోయారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని రకాల మందులతో కలిస్తే ఎండీఎంఏ మరీ ప్రమాదం.

జీహెచ్‌బీ అనే మత్తు ద్రవానికి రంగుండదు. మత్తెక్కించే మోతాదుకూ స్పృహ తప్పించే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. మద్యంతో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. అలా పడిపోయినవాడిని చూసి 'పడుకోనివ్వండి, పొద్దున్నకి అదే దిగుతుంది' అంటారు. ఆ మాటే ప్రాణం తీస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, వెంటనే అంబులెన్స్ పిలవాలి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పాలి. కానీ మీ ఫొటోలు చూసిన పిల్లలు పడిపోయినవాడిని వదిలేసి పారిపోతారు, అంతే.

ఇక ఎవరో గ్లాసులో కలిపితే, తెలియక తాగిన అమ్మాయి మాట. రోహిప్నాల్ లాంటి నిద్రమాత్రలు ఆ కొన్ని గంటల జ్ఞాపకాన్నే లేకుండా చేస్తాయి. ఆమె 'గుర్తులేదు' అంటే అబద్ధమాడుతోందని కాదు. జీహెచ్‌బీ అయితే మూత్రంలో సుమారు 12 గంటలకు మించి దొరకదు. ఫిర్యాదుకు వచ్చిన పిల్లను ఈ టేబులు నుంచి ఆ టేబులుకు తిప్పుతూ పొద్దుపుచ్చే అధికారులకు ఈ లెక్క ఎవరు చెప్పాలి? ప్యాకెట్లు టేబుల్ మీద పేర్చి ఫొటో దిగడానికి మాత్రం అందరూ టైముకి వస్తారు.

అవగాహన సదస్సుల్లోనూ 'డ్రగ్స్ తీసుకుంటే చస్తారు' అన్న ఒక్క మాటే. మొన్న తీసుకున్న స్నేహితుడు ఎదురుగా నవ్వుతూ తిరుగుతుంటే పిల్లలు ఆ మాట ఎలా నమ్ముతారు? ఏది ఏం చేస్తుందో విడమరిచి చెబితే వింటారు.

ఈసారి దాడి వార్త వేసినప్పుడు, దొరికిన మందు ఒంటిని ఏం చేస్తుందో, మనిషి పడిపోతే ఏం చేయాలో పక్కనే చిన్న బాక్సులో వేయండి. మంట అంటూ వచ్చిన కుర్రాడి పరీక్షలో క్రిములు లేవని తేలితే, ఇంట్లోవాళ్లను బయటికి పంపి ఒక్క ప్రశ్న అడగమని డాక్టర్లకు కూడా మీ పత్రిక ద్వారా చెప్పండి. మావాడిని ఆ ప్రశ్న అడగడానికి 14 నెలలు పట్టింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు