చదవడం రాని పిల్లలకు పుస్తకాలెందుకంటే

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో ఒక సాయంత్రం మా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మేముండే చోటికి దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. బాబుకు ఐదేళ్లు, పాపకు రెండున్నర. పిల్లల పుస్తకాలు అక్కడ లేకపోలేదు గానీ, తాళం వేసిన అద్దాల బీరువాలో పై రెండు అరల్లో ఉన్నాయి. తీసి ఇమ్మని అడిగితే అక్కడి ఉద్యోగి మర్యాదగానే, ‘చదవడం రాని పిల్లలకు పుస్తకాలెందుకండీ, చింపేస్తారు’ అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు, మా పాప నిజంగానే చింపుతుంది. అయినా ‘ఎందుకు’ అన్నదానికి అప్పటికప్పుడు జవాబు తోచక తిరిగి వచ్చేశాను. ఇంటికి వచ్చాక తోచిన జవాబును మీ పత్రిక ద్వారా చెప్పుకోనివ్వండి.

మా ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా పుస్తకాల వేళ. ఇదేదో నియమంగా పెట్టుకున్నది కాదు. ఒక వేసవి రాత్రి కరెంటు పోయి, డాబా మీద చాప పరుచుకుని టార్చిలైటు వెలుగులో బొమ్మల పుస్తకం తిప్పుతూ కూర్చున్నాం. కరెంటు వచ్చింది గానీ అలవాటు పోలేదు. ఏ పుస్తకం చదవాలో చెప్పే హక్కు రోజు మార్చి రోజు ఒక్కొక్కరిది. పాప వంతు వచ్చిందంటే ఎప్పుడూ ఏనుగు బొమ్మలున్న ఆ ఒక్క పుస్తకమే. దాని అట్ట అంచు నమిలి నమిలి మెత్తబడిపోయింది, లోపల మూడు చోట్ల సెల్లోటేపు అంటించాం. చేతిలో అరటిపండు ముక్క ఉంటే ముందు ఏనుగు నోటికి పెడుతుంది, అది తినడం లేదని రూఢి చేసుకున్నాక గానీ తాను తినదు. ఆ పేజీలో ఏనుగు మూతి దగ్గర గోధుమరంగు మరక ఒకటి స్థిరపడిపోయింది. దాన్ని ఇప్పుడు ఎవరైనా తుడవబోతే ఒప్పుకోదు.

బాబు పట్టింపులు వేరు. ఆఫీసు నుంచి అలసి వచ్చి నిద్రమత్తులో నేనొక వాక్యం దాటేస్తే, అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్న వాడే అయినా, ‘నాన్నా, మధ్యలో ముసలమ్మ తలుపు తీయాలి కదా’ అని పట్టేస్తాడు. అచ్చులో ‘ఏమి జరిగినది మిత్రమా’ అని ఉన్న కుందేలు మా ఇంట్లో ‘ఏందిరా, ఏమైందీ’ అంటుంది. ఒకసారి వాళ్ల మేనత్త వచ్చి ఉన్నది ఉన్నట్టుగా చదివితే, కుందేలు అట్టా మాట్లాడదని పుస్తకం లాగేసుకున్నాడు. పసిపిల్లలకు పుస్తకమంటే కళ్లతో చదివేది కాదు, తమవాళ్ల గొంతులో వినేది అన్న సంగతి ఆ రోజు నాకు బాగా తెలిసింది. తెలుగులో పిల్లల కోసం రాసేవారూ అనువదించేవారూ తమ వాక్యాన్ని అచ్చుకిచ్చే ముందు ఒక్కసారి పైకి చదివి చూసుకుంటే మాలాంటి తల్లిదండ్రులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

మొదట్లో నేనూ ఒక పొరపాటు చేశాను. చదువుతూ చదువుతూ ‘ఇదేం రంగు, ఇవెన్ని, ఈ కథలో నీతి ఏమిటి’ అని అడిగేవాణ్ణి. నాలుగు రోజులు గడిచేసరికి వాడు నా చేతిలో పుస్తకం చూడగానే బాత్రూమ్‌కు వెళ్లాలని లేచిపోవడం మొదలుపెట్టాడు. ‘పరీక్షలు బళ్లో ఎలాగూ పెడతార్లెండి’ అని నా భార్య అన్నాక మానేశాను.

పిల్లలకు ఇలా పైకి చదివి వినిపించడం ఈ కాలపు పెంపకం పోకడ అనుకోనక్కరలేదు. 1945లో రేడియో అన్నయ్య, అక్కయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ పత్రికను తెచ్చారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. సంతకం తప్ప రాని మా నాయనమ్మకు బేతాళ కథలు ఎన్నో నోటికి వచ్చేవంటే, ఇంట్లో ఎవరో ఒకరు ‘చందమామ’ పైకి చదువుతుంటే వత్తులు చేసుకుంటూ విన్న పుణ్యమే. చక్రపాణి, ఆ పత్రిక తెలుగును ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, ఇద్దరూ తెనాలివారని మా జిల్లాలో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవడంతోనే సరిపెట్టుకుంటున్నామేమో అని నా బాధ.

తెలుగులో పసిపిల్లల పుస్తకాలు దొరకవన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. నేషనల్ బుక్ ట్రస్టు ఉంది. ఒకప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చయి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన బొమ్మల పుస్తకాల్లో కొన్నింటిని సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ వారు మళ్లీ వేశారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు. అయితే పదహారు పేజీల పుస్తకాన్ని ఒక పిల్లవాడు నలభై సార్లు వింటాడు, నలభై ఒకటోసారి ఇంకోటి కావాలంటాడు. ప్రతిసారీ కొనడం మాలాంటి ఉద్యోగస్తులకే కష్టమైనప్పుడు, కూలికి వెళ్లి వచ్చే తల్లిదండ్రుల సంగతి చెప్పేదేముంది? గ్రంథాలయం అవసరం అక్కడే వస్తుంది.

1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఏటా బాలల దినోత్సవం నాడే, నవంబరు 14న, గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. వ్యాసరచన, వక్తృత్వ పోటీలంటూ బడిపిల్లలతో సందడిగా ఉంటుంది గానీ, బడి ఈడు రాని పిల్లలకు ఆ వారంలో కూడా చోటు ఉన్నట్టు నాకు కనబడలేదు. చిరిగిన పుస్తకానికీ పోయిన పుస్తకానికీ జవాబు చెప్పుకోవలసి వస్తుందన్న భయమే ఆ బీరువాకు తాళం వేయిస్తోందని నా అనుమానం. అదే నిజమైతే తప్పు ఉద్యోగిది కాదు. పసిపిల్లల పుస్తకం రెండు మూడేళ్లలో అరిగిపోవడం సహజమని పైవారు ఒప్పుకుని, ఆ మేరకు లెక్కల్లోంచి కొట్టివేసే వీలు కల్పించాలి. ఆపైన కావలసింది పెద్ద ఖర్చు కాదు: తాళం లేని కింది అర ఒకటి, దాని ముందు ఒక చాప, సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా పిల్లలు గొంతెత్తి మాట్లాడినా విసుక్కోని ఒక గంట.

చిరిగినవాటిని అతికించే పని అప్పగిస్తే వారానికో సాయంత్రం వచ్చి చేసిపెట్టడానికి నేను సిద్ధం. మా ఇంట్లో సెల్లోటేపుకు కొదవ లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు జిల్లా