గేర్‌బాక్స్ మళ్ళీ దింపే కూలీ నాది కాదు

విజయనగరం,
ఫిబ్రవరి నెల.

కంపెనీ కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,
(ప్రతి: విజయనగరం డీలర్ వర్క్‌షాప్ మేనేజర్ గారికి)

విషయం: క్లచ్ సెట్టు మార్చిన దగ్గర్నుంచి కారు వణకడం, గేర్ ఆయిల్ కారడం, ఘాట్ రోడ్డు మీద బండి ఎక్కకుండా ఆగిపోవడం, వర్క్‌షాప్ వాళ్ళు బాధ్యత తీసుకోకపోవడం గురించి.

అయ్యా,

నాది 2017 మోడల్ పెట్రోల్ కారు. కొన్ననాటి నుంచి నేనే నడుపుతున్నాను. మొదటి ఉచిత సర్వీసు నుంచి నిన్నమొన్నటి దాకా మీ డీలర్ దగ్గర తప్ప ఎక్కడా పని చేయించలేదు. గత డిసెంబరులో రీడింగ్ 81,460 కిలోమీటర్లు ఉన్నప్పుడు క్లచ్ సెట్టు మార్పించాను. అప్పటికి ఎత్తులో ఇంజిన్ మోత పెరుగుతోంది గానీ బండి లాగడం లేదు. ప్లేటు అరిగిపోయిందని మీవాళ్ళు చెప్పారు, అన్ని కిలోమీటర్లు తిరిగిన బండికి అది మామూలే కాబట్టి ఒప్పుకున్నాను. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, గేర్‌బాక్స్ దింపి ఎక్కించే కూలీ, పన్నులు అన్నీ కలిపి రూ.18,640 కట్టాను. బయట తక్కువకి అవుతుందని తెలిసీ మీ దగ్గరికే వచ్చాను. మార్చిన పాత సామాను ఇవ్వమని జాబ్ కార్డులో, అంటే చేయాల్సిన పనులు రాసుకునే మీ వర్క్‌షాప్ కాగితంలో, రాయించాను కూడా. బండి తీసుకునే రోజు అడిగితే, తుక్కులోకి వెళ్ళిపోయిందన్నారు.

ఆ రోజే మయూరి జంక్షన్ దగ్గర ఆగి ఫస్ట్ గేరులో కదిలేసరికి బండి గడగడా వణికింది. రివర్సులో మరీ ఎక్కువ. ఇంటి ముందు ర్యాంపు మీదికి ఎక్కిస్తుంటే స్టీరింగ్ నుంచి సీటు దాకా అదిరింది. ఫోన్ చేస్తే, "కొత్త ప్లేటు కదా మేడమ్, సెట్ అవ్వాలి, ఐదొందల కిలోమీటర్లు తిరగనివ్వండి" అన్నారు. కొత్త ప్లేటు ఒరుసుకుని కుదురుకోవడానికి కొంత దూరం పడుతుందన్నది నిజమే. అందుకని గజపతినగరంలో మా బడికీ ఇంటికీ మధ్య ఆ దూరమంతా తిప్పాను. వణుకు పెరిగింది గానీ తగ్గలేదు. మళ్ళీ తీసుకెళ్తే పెడల్ సరిచేసి పంపేశారు. కారు కింద నేల మీద మరక పడుతోందని చెబితే ఏసీ నీళ్ళన్నారు. చలికాలం, నేను ఏసీ వేయనే లేదు. నీళ్ళయితే ఆరిపోవాలి, ఆ మరక జిడ్డుగా అలాగే ఉంది. ఫోటో తీసి చూపించాను. మీ వర్క్‌షాప్ సర్వీసు సలహాదారు ఫోన్ చేతిలోకి తీసుకుని కూడా చూడలేదు.

ఆ మరకని ఆ రోజు పట్టించుకుని ఉంటే తర్వాతది జరిగేది కాదు.

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మని తీసుకుని ఒడిశాలోని సునాబెడలో ఉన్న మా పిన్ని వాళ్ళింటికి బయలుదేరాను. సాలూరు దాకా పెద్దగా ఇబ్బంది తెలియలేదు. సాలూరు దాటి ఘాట్ మొదలయ్యాక, ఒక మలుపులో ముందున్న లారీ ఆగింది. నేనూ ఆగాను. నా వెనక లోడుతో ఇంకో లారీ. అది 26వ నంబరు జాతీయ రహదారి, పైనుంచీ కిందనుంచీ లారీలు వస్తూనే ఉంటాయి. ముందు లారీ కదిలాక క్లచ్ వదులుతుంటే నా బండి ఊగిపోతోంది తప్ప ముందుకి రావడం లేదు. మాడు వాసన గుప్పుమంది. హ్యాండ్ బ్రేకు వదిలితే వెనక్కి జారుతోంది. మా అమ్మకి డెబ్బై దాటాయి. ఆవిడ నోట మాట లేదు. వెనక లారీ క్లీనరు దిగి పరుగెత్తుకొచ్చి మా వెనక చక్రం కింద రాయి వేశాడు. వాళ్ళ డ్రైవరు గారు పైనుంచి వచ్చే బళ్ళని ఆపించి, నలుగురి చేత పట్టించి మా కారుని వెనక్కి తిప్పించారు. అక్కణ్ణుంచి గేరులోనే ఉంచి మెల్లగా దిగువకి తెచ్చాను. ఆ ఇద్దరి పేర్లూ అడగడానికి కూడా అక్కడ ఆగే చోటు లేదు. వాళ్ళకి రుణపడి ఉన్నాను.

సాలూరు లారీల ఊరని మీకు తెలియకపోవచ్చు. అక్కడ తరాలుగా గేర్‌బాక్సులు దింపి ఎక్కిస్తున్న మెకానిక్కులున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన కారుని గుంత మీద నిలబెట్టించి, కిందికి దిగి టార్చి వేసి చూశారు. ఇంజినూ గేర్‌బాక్సూ కలిసేచోట అడుగున అంతా తడి. వేలికి రాసుకుని వాసన చూసి, నాకూ చూపించారు. "ఇంజినాయిల్ కాదమ్మా ఇది, గేరాయిల్. లోపల షాఫ్టు సీలు కారతంది. పలేటు కూడా తడిసిపోయుంటాది. బాక్సు దింపినప్పుడు సీలు సూడనేదేటి ఆళ్ళు?" అన్నారు. సీలంటే షాఫ్టు చుట్టూ ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు. ఒక్క బోల్టు కూడా విప్పలేదు. కంపెనీ వాళ్ళు చేసిన పని కాబట్టి వాళ్ళే చూడాలి, నేను చెయ్యి పెడితే రేపు మీకే ఇబ్బంది అని ముందే చెప్పారు. ఆయన చెప్పినట్టే అయింది. అక్కణ్ణుంచి విజయనగరం దాకా బండిని వేరే బండి మీద ఎక్కించి తెచ్చాను. రూ.4,500 అయింది. రసీదు ఉంది.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. క్లచ్ పనిచేసేదే ఘర్షణ మీద. ప్లేటు మీద నూనె పడితే పట్టు సమానంగా ఉండదు. ఒక క్షణం పట్టి ఒక క్షణం జారుతుంది, బండి వణికేది అందుకే. గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే షాఫ్టు సీలు రిలీజ్ బేరింగ్ వెనకే ఉంటుంది. కొత్త బేరింగ్ తొడిగిన మనిషి కళ్ళ ముందే ఉండే భాగం అది. సీలు ఖరీదు వందల్లో ఉంటుంది, దాని దాకా వెళ్ళడానికయ్యే కూలీ వేలల్లో ఉంటుంది. అందుకే పని తెలిసిన వాళ్ళెవరైనా బాక్సు దింపినప్పుడే సీలు చూసుకుంటారు, అనుమానం ఉంటే మార్చేస్తారు.

ఇక మీ వర్క్‌షాప్ వాళ్ళ జవాబులు. మొదటిది, "మీరు క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నారు మేడమ్." ఇది చెప్పిన సలహాదారు నా బండిని అప్పటికి నడిపి చూడలేదు, కింద వంగి కూడా చూడలేదు. జాబ్ కార్డు మీద మాత్రం "డ్రైవింగ్ అలవాటు" అని రాసేశాడు. నేను ప్రశ్నలు వేస్తుంటే, "సార్ని ఒకసారి పంపించండి, ఆయనకి చెబుతాం" అన్నాడు. కారు నా పేరు మీద ఉంది, నా జీతంతో కొన్నాను, నేనే నడుపుతున్నాను. చెప్పాల్సింది ఏమైనా ఉంటే నాకే చెప్పాలి. పోనీ ఆ అలవాటే నాకుంటే, ఇదే కాలు, ఇదే రోడ్డు, మొదటి క్లచ్ 81 వేల కిలోమీటర్లు ఎలా వచ్చింది? కొత్తది చేతికి వచ్చిన రోజే ఎందుకు వణికింది?

తర్వాత, బయట మెకానిక్ చెయ్యి పెట్టాడు కాబట్టి వారంటీ లేదన్నారు. ఏ బోల్టు విప్పినట్టు గుర్తుందో చూపించమంటే చూపించలేదు. క్లచ్ ప్లేటు అరిగే భాగం, దానికి వారంటీ ఉండదన్నారు. మీ బిల్లు వెనక విడిభాగాలకి 6 నెలలు లేదా 10,000 కిలోమీటర్లు అని అచ్చయి ఉంది. అయినా నా ఫిర్యాదు అరుగుదల గురించి కాదు, చేసిన పని గురించి.

చివరికి చెప్పిందే నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర క్లచ్ ప్లేటు అదుముకునే బరువైన చక్రం) మీద వేడి మచ్చలు పడి ఉంటాయి, అది మార్చాలి, గేర్‌బాక్స్ దింపే కూలీ మళ్ళీ అవుతుంది అని కొత్త ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఫ్లైవీల్ కనపడాలంటే బాక్సు దింపాలి. ఇప్పుడు దింపలేదు, కాబట్టి మచ్చలున్నాయో లేవో ఇప్పుడు ఎవరికీ తెలియదు. దింపింది డిసెంబరులో. ఆనాటి జాబ్ కార్డులో ఫ్లైవీల్ పరిశీలన ఎదురుగా "బాగుంది" అని టిక్కు ఉంది, నకలు జతచేశాను. పాత ప్లేటు జారినప్పుడే ఆ మచ్చలు పడి ఉంటే, మీవాళ్ళు ఆ రోజు చూసీ చెప్పకుండా కొత్త ప్లేటు బిగించారు, లేదా చూడకుండానే టిక్కు పెట్టారు. మచ్చలు ఆ తర్వాత పడ్డాయంటే, మీరు బిగించిన క్లచ్ ఇంత తక్కువ దూరంలో జారింది. ఈ మూడింటిలో ఏది నిజమైనా రెండోసారి బాక్సు దింపే కూలీ నా మీద ఎలా పడుతుంది?

నేను కోరేది ఇది. గేర్‌బాక్స్‌ని నా ఎదుట దింపండి. మీ ప్రాంతీయ సర్వీస్ ఇంజినీరు ఆ రోజు అక్కడ ఉండాలి. సీలు, ప్లేటు, ఫ్లైవీల్ ఎలా ఉన్నాయో ఫోటోలు తీసి, కారణం కాగితం మీద రాసి, సంతకం చేసి ఇవ్వండి. ఆయిల్ తాగిన ప్లేటుని తుడిచి మళ్ళీ వాడడానికి ఒప్పుకోను, కొత్తది వేయాలి, సీలుతో సహా మీ ఖర్చు మీదే. ఫ్లైవీల్ నిజంగా మార్చాల్సి ఉంటే, నా బండి తిరిగిన దూరానికి అది న్యాయమే కాబట్టి ఆ భాగం ఖరీదు నేనిస్తాను. కూలీ మాత్రం ఒక్క రూపాయి ఇవ్వను. సాలూరు నుంచి బండి తెచ్చిన ఖర్చు తిరిగివ్వాలి. ఎస్టిమేట్ మీద సంతకం పెట్టలేదని, బండి మీ ఆవరణలో ఉన్నన్నాళ్ళూ పార్కింగ్ చార్జీ వేస్తామన్నారు, అది రద్దు చేయాలి. తీసిన ప్రతి సామానూ ఈసారి నా చేతికి ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఫోన్లో చెప్పే మాటలు ఇక నాకు అక్కర్లేదు. జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం అని విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ప్రధాన కార్యాలయం ఏ నగరంలో ఉన్నా, నేను ఉంటున్న చోటే కేసు వేసుకునే హక్కు ఆ చట్టం నాకిచ్చింది. బిల్లులు, రెండు జాబ్ కార్డులు, కొత్త ఎస్టిమేట్, మరకల ఫోటోలు, రసీదు అన్నీ తేదీలతో సహా నా దగ్గరున్నాయి. నకళ్ళు దీనితో పంపుతున్నాను.

ఇంకొకటి. నా సర్వీసు చరిత్రలో రాసిన "డ్రైవింగ్ అలవాటు" అనే మాటని తీసేయాలి. రేపు ఈ కారుకి ఏం వచ్చినా మీ కంప్యూటర్లో ముందు కనపడేది అదే. బండి విప్పకుండా నా మీద రాసిన మాట అది. దాన్ని కొట్టేసి, కొట్టేసినట్టు ఒక ప్రతి నాకు పంపండి.

ఇట్లు,
కారు యజమానురాలు,
కంటోన్మెంట్, విజయనగరం.