పులికాట్ ముఖద్వారం గురించి తిరువళ్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రాయపురంలో ఉంటున్న తెలుగువాణ్ణి. సముద్రంలోకి గోడ కడితే ఏమవుతుందో మా పేటకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద ఉత్తరానికే ఎక్కువగా కదులుతుంది. హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా పెరిగింది, ఉత్తరాన మా ఒడ్డు కోసుకుపోయింది. పులికాట్ సరస్సు, అది సముద్రంలో కలిసే ముఖద్వారం ఆ ఉత్తరానే ఉన్నాయి.

చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు, కానీ చాలాచోట్ల మీటరు లోతు కూడా ఉండదు. ఇసుక మేటేసి ముఖద్వారం మూసుకుంటే ఎండాకాలంలో నీళ్లు ఇగిరి ఉప్పెక్కిపోతాయి, సముద్రం నుంచి రొయ్యపిల్ల లోపలికి రాదు. అక్కడ ఇరుళ గిరిజన మహిళలు నీళ్లలో కూర్చుని, బుట్టను పళ్లతో పట్టుకుని, చేత్తో తడిమి రొయ్యలు ఏరతారు. పడవ, వల ఏవీ ఉండవు. వాళ్లకు ఏ లెక్కలో నష్టపరిహారం వస్తుందో నాకైతే అర్థం కాదు.

ఇక వాతావరణం మారాక వాన కూడా మాట వినడం లేదు. 2023 డిసెంబరు మిచౌంగ్ లాంటి తుపానులో ఒక్కసారిగా వచ్చిపడే వరద బయటికి పోవాలన్నా దారి ఆ ముఖద్వారమే. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ నీరు లాగడం ఇంకా కష్టం.

పులికాట్‌కు దక్షిణాన ఉన్న కాట్టుపల్లి ఓడరేవు విస్తరణపై మాట్లాడే ముందు ఉత్తరపు ఒడ్డు కోత లెక్కలు తమిళంలోనూ తెలుగులోనూ పెట్టించండి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది కాబట్టి తిరుపతి కలెక్టరును కూడా పిలవండి. ముఖద్వారం పూడిక ఏటా ఎవరు తీస్తారో, ఏ నెలలో తీస్తారో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
రాయపురం వాసి, చెన్నై