విక్రాంత్‌ని దాచిన అడ్మిరల్

ఒరేయ్ రాఘవా,

అందరూ కులాసాగా ఉన్నారా? పెద్దాడి పరీక్షలు అయిపోయాయా? మొన్న ఫోన్లో ఒక మాట అడిగావు చూడు, "1971 యుద్ధంలో మన విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిందని అందరికీ తెలుసుగానీ, ఆరోజు విశాఖలో కూర్చుని అదంతా నడిపిందెవర్రా?" అని. ఫోన్లో తేలే కథ కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఆయన పేరు వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. 1919లో నాగర్‌కోయిల్లో పుట్టిన తమిళుడు. రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో పర్షియన్ గల్ఫ్‌లో చూపిన తెగువకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ (డి.ఎస్.సి.) అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. అప్పటికి ఇరవై రెండేళ్ళ కుర్రాడు! 1961లో పోర్చుగీసుల చేతిలో ఉన్న డయ్యూని విడిపించే పోరులో 'ఢిల్లీ' యుద్ధనౌకకి ఆయనే కెప్టెన్. ఇవన్నీ గొప్పవేగానీ, నా మనసంతా 1971 యుద్ధం మీదే ఉంది. అప్పుడాయన తూర్పు నౌకాదళానికి అధిపతిగా మన విశాఖలో ఉన్నారు.

ఆయన చేతిలో ఉన్న పెద్ద ఆయుధం విమానవాహక నౌక విక్రాంత్. కానీ దాని బాయిలర్‌లో పగులు. పూర్తి వేగంతో పోలేదు. 1965 యుద్ధమప్పుడు మరమ్మతుల్లో ఉండి అసలు కదలనే లేదు. మళ్ళీ ఒడ్డునే ఉంచేస్తారేమోనని అందులోని వాళ్ళ బెంగ. ఆ నౌకనే యుద్ధానికి తీసుకెళ్ళాలని పట్టుబట్టినవాళ్ళలో కృష్ణన్ గారొకరు.

ఇంతలో ఆ ఘాజీ నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. అంత దూరం వచ్చి బంగాళాఖాతంలో తిరగగలిగింది వాళ్ళ దగ్గర అదొక్కటే. దాని వేట విక్రాంత్ కోసమే. ఈయన విక్రాంత్‌ని గుట్టుగా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించే పని మొదలుపెట్టారు. ఎలాగనుకున్నావు? ఊళ్ళో కాంట్రాక్టర్లకి ఒక్కసారిగా బోలెడంత మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చారు. బజార్లో పుకారు పుట్టకుండా ఉంటుందా! రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని సముద్రంలోకి పంపి, పెద్ద నౌక ఉన్నట్టే వైర్‌లెస్ సందేశాలు గుప్పించమన్నారు. విక్రాంత్ నావికుడెవరో జబ్బుగా ఉన్న తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రాం కూడా కావాలనే రహస్య సంకేతాలు లేకుండా పంపించారు. నాకైతే అన్నిటికంటే ఆ టెలిగ్రామే గొప్పగా అనిపిస్తుంది. శత్రువు దేన్ని నమ్ముతాడో అంత బాగా తెలుసాయనకి.

ఘాజీ నమ్మి విశాఖ వాకిట్లోకే వచ్చింది. డిసెంబర్ 3 అర్ధరాత్రి రేవు దాటుతూ రాజ్‌పుత్ నీళ్ళలో ఏదో అలికిడి చూసి డెప్త్ చార్జిలు, అంటే నీళ్ళ లోతులో పేలే బాంబులు, వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు. తెల్లారాక మన జాలర్లే తేలుతున్న సామాను కొంత తెచ్చిచ్చారు. అది డెప్త్ చార్జీల వల్ల మునిగిందా, లోపలున్న మైన్లు (సముద్రంలో పెట్టే మందుపాతరలు) పేలి మునిగిందా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఎలాగైనా, అందులో ఉన్నవాళ్ళెవరూ బతకలేదు, పాపం. వాళ్ళకీ ఇళ్ళ దగ్గర ఎదురుచూసేవాళ్ళుంటారు కదరా.

డిసెంబర్ 4నే విక్రాంత్ సీహాక్ విమానాలు కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి, తర్వాత చిట్టగాంగ్ మీద. పగిలిన బాయిలర్‌తోనే తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) రేవుల్ని బిగించేశారు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫోటో నువ్వు వందసార్లు చూసుంటావు. వెనక నిలబడ్డవాళ్ళలో కృష్ణన్ గారున్నారు. ఈసారి వెతికి చూడు.

తర్వాత పద్మభూషణ్ వచ్చింది. కొచ్చిన్ షిప్‌యార్డ్ బాధ్యతలూ చూశారు. 1982లో పోయారు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూసి మురిసిపోయే మనవాళ్ళలో ఈయన పేరు తెలిసినవాళ్ళు ఎంతమందిరా? నాకదే బాధ.

డిసెంబర్లో పిల్లల్ని తీసుకుని రా. ముందు కురుసుర లోపలికి తీసుకెళ్దాం, ఆ ఇరుకు గదుల్లో మనుషులెలా బతికేవారో వాళ్ళ కళ్ళతో చూస్తారు. ప్రయాణానికి టికెట్లు దొరకవు, ఇప్పుడే బుక్ చెయ్యి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శీను