మంత్రి గారూ, ఆ పసుపు టైల్స్‌ను మేం నమ్మి నడుస్తాం

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఫుట్‌పాత్‌ల మీద చూపులేని మా కోసం వేయించిన పసుపు టైల్స్ గురించి మీ కార్యాలయానికి ఎన్నోసార్లు అర్జీలు పెట్టుకున్నాం. ప్రతిసారీ ఒకటే జవాబు: "పని పూర్తయింది, ఫిర్యాదు ముగించాం." పూర్తయిందని ఎవరు తేల్చారండీ? వాటి మీద నడవాల్సిన మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ రాస్తున్నాను.

పొడవు గీతలుంటే ముందుకు సాగమని, గుండ్రటి బొడిపెలుంటే ఆగమని అర్థం. ఇది మీ ఇంజినీర్లకు తెలియనిది కాదు. అరికాలికీ కర్ర కొసకూ తగిలేది నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే. ఆ కాస్త ఎత్తును నమ్మి మేం అడుగు వేస్తాం. నేను ఆఫీసుకు వెళ్లే దారిలో ఆ గీతలు తిన్నగా వెళ్లి ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగిపోతాయి. ముందు ఎలాంటి హెచ్చరికా లేదు. కర్ర పక్కకు ఊగినప్పుడు స్తంభం తగలకపోతే నుదురు తగులుతుంది. నాకు తగిలింది, కుట్లు పడ్డాయి. దాని గురించి కూడా అర్జీ పెట్టాను. స్తంభం అక్కడే ఉంది, గీతలూ అలాగే ఉన్నాయి.

ఇంకోచోట అందంగా ఉంటుందనుకున్నారేమో, ఫుట్‌పాత్ పొడవునా బొడిపెలే పరిచారు. అడుగడుగునా ఆగమంటుంటే అసలు ఆగాల్సిన చోటు మాకెలా తెలుస్తుంది? కేబుల్ కోసం తవ్విన చోట్ల టైల్స్‌ను అడ్డం తిప్పి పెట్టి వెళ్లిపోయారు. అంటే గీత ఇప్పుడు రోడ్డు వైపు చూపిస్తోంది. పైన నిలిపే బైకుల సంగతి సరేసరి.

అన్నిటికంటే నాకు భయం జంక్షన్ల దగ్గర. వీల్‌చైర్ వెళ్లడానికి వీలుగా అంచు తగ్గించి వాలుగా చేశారు. వాళ్లకు అది కావాల్సిందే, దాని మీద మాకు ఏ పేచీ లేదు. కానీ ఇక్కడితో ఫుట్‌పాత్ అయిపోయిందని మాకు చెప్పేది ఆ అంచే. దాన్ని తీసేసిన చోట బొడిపెల టైల్స్ వేయాలని మీ నిబంధనల్లోనే ఉంటుంది. వేయలేదు. ఫుట్‌పాత్ మీదే ఉన్నాననుకుంటూ బండ్ల మధ్యలోకి వెళ్లిపోతాం. పక్కనే హారన్ మోగితే తప్ప తెలియదు. ఈ ఎలక్ట్రిక్ బండ్లకైతే చప్పుడే ఉండదు.

టైల్స్ అసలు లేకపోతే గోడ పట్టుకుని, ప్రతి అడుగూ తడుముకుంటూ మెల్లగా పోతాం. టైల్స్ ఉంటే నమ్మి వేగం పెంచుతాం. అందుకే తప్పుగా వేసిన దారి, అసలు లేని దారికంటే ప్రమాదం.

ఒక అధికారి నాతో, "ఇంత టెన్షన్ ఎందుకమ్మా, ఎవరినైనా తోడు తీసుకెళ్లొచ్చుగా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ నాకు తోడు రావాలంటే మా అమ్మ తన పని మానుకోవాలి. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు నేను సెలవు పెట్టాలి. బ్యాంకుకు వెళ్లాలన్నా, డాక్టర్‌ను చూడాలన్నా, స్నేహితురాలి ఇంటికి వెళ్లాలన్నా ముందు ఇంకొకరి వీలు కనుక్కోవాలి. తెల్లకర్రతో ఒంటరిగా నడవడం కష్టపడి నేర్చుకున్నాను. జీతం నేనే సంపాదించుకుంటున్నాను. దారి ఒక్కటే నా చేతిలో లేదు.

ఇదేమీ కొత్త విద్య కాదు. చూపు తగ్గిపోతున్న స్నేహితుడి కోసం జపాన్‌లో సెయిచీ మియాకే 1965లో ఈ పలకలను తయారుచేశారు. 1967 మార్చి 18న ఒకాయామాలో, అంధుల పాఠశాల దగ్గరి రోడ్డుపై మొదటిసారి పరిచారు. 2012లో వీటికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 20వ అధికరణం, మేం సాధ్యమైనంత స్వతంత్రంగా తిరగగలిగేలా చర్యలు తీసుకోవాలంటోంది. అక్టోబర్ 15న తెల్లకర్ర దినోత్సవ సభల్లో ఇవన్నీ చెబుతారు. మిగతా రోజుల్లో నడిచేది మేమే కదండీ.

మేం కోరేది ఇదీ. టైల్స్ పని అయ్యాక చూపులేని వ్యక్తి ఒకరు ఆ దారిలో కర్రతో ఒంటరిగా నడవాలి. సరిగ్గా ఉందని ఆ వ్యక్తి చెప్పాకే కాంట్రాక్టర్‌కు బిల్లు ఇవ్వండి. తవ్వినవాళ్లు ఉన్నది ఉన్నట్టు తిరిగి వేసేలా చూడండి. ముందుగా ఆ స్తంభం దగ్గర గీతలను పక్కకు మళ్లించండి. జంక్షన్ల దగ్గర బొడిపెల టైల్స్ వేయించండి. దయచేసి మమ్మల్ని అడగండి, నడిచి చూపిస్తాం. మీ ఇంజినీర్లు ఏ రోజు రమ్మంటే ఆ రోజు సెలవు పెట్టుకుని వస్తాను. ఈసారి "ఫిర్యాదు ముగించాం" అని కాకుండా, ఎప్పుడు వస్తారో తేదీ రాసి పంపించండి.

ఇట్లు,
తెల్లకర్రతో రోజూ ఆఫీసుకు వెళ్లే ఒక పౌరురాలు