విశాఖ బాంబు కథలో ఆ కెనడా పైలట్‌కూ చోటుండాలి

సంపాదకుడు గారికి,

ఏప్రిల్ 6 వచ్చిందంటే, 1942లో జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులేసిన సంగతి ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. రేవు మీద దాడి, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోవడం, మద్రాసు ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు తరలించడం చెప్పి ఆపేస్తారు. రెండు రోజుల ముందు సిలోన్ (ఇప్పటి శ్రీలంక) దగ్గర ఏం జరిగిందో మాత్రం చెప్పరు.

ఏప్రిల్ 4న కెనడా వైమానిక దళానికి చెందిన కాటలీనా అనే, నీటి మీద దిగగల గస్తీ విమానం ఒకటి సిలోన్‌లోని కొగ్గల నుంచి తెల్లవారకముందే గస్తీకి బయల్దేరింది. నడిపింది స్క్వాడ్రన్ లీడర్ లియొనార్డ్ బిర్చాల్. వయసు 26. సిలోన్ వచ్చి రెండు రోజులే అయింది. పగలంతా తిరిగి, వెనక్కి మళ్లే వేళకు దక్షిణాన దూరంగా చుక్కల్లాంటివి కనిపించాయి. ఎవరి ఓడలో, ఎన్నో, ఎటు పోతున్నాయో తేలకుండా కబురు పంపి ఏం లాభం? దగ్గరికి వెళ్లారు. అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌ను కొట్టిన, జపాన్ అడ్మిరల్ నగుమో నడిపిన నౌకాదళం అది! వైర్‌లెస్‌లో వివరాలు పంపుతుండగానే జపాన్ జీరో యుద్ధవిమానాలు మీద పడ్డాయి. కాటలీనాలోని తొమ్మిది మందిలో ముగ్గురు చనిపోయారు. ఆరుగురు పట్టుబడ్డారు.

కబురు మాత్రం చేరింది. మర్నాడు ఈస్టర్ ఆదివారం కొలంబో మీద దాడి జరిగేసరికి రేవులోని ఓడలు చాలావరకు బయటికి వెళ్లిపోయాయి. అయినా డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు సముద్రంలో మునిగిపోయాయి.

బిర్చాల్ మూడేళ్లకు పైగా జపాన్ ఖైదీగా ఉన్నారు. జబ్బుపడ్డ తోటి ఖైదీలను పనికి తోలుతుంటే అడ్డం తిరిగి చావుదెబ్బలు తిన్నారు. నన్నడిగితే ఆకాశంలో చూపిన తెగువ కన్నా ఇదే పెద్దది. అక్కడ ఒక్క నిమిషం ధైర్యం సరిపోదు, రోజూ కావాలి. ఆయన బతికి బయటపడి 2004లో కన్నుమూశారు.

అలాగని ఆయన విశాఖను కాపాడారని రాస్తే అబద్ధమవుతుంది. మన మీదికి వచ్చింది జపాన్ అడ్మిరల్ ఓజావా నడిపిన వేరే దళం. ర్యూజో అనే విమానవాహక నౌక దానితోనే ఉంది. బిర్చాల్ హెచ్చరిక కొలంబోకి పనికొచ్చింది గానీ మనకు కాదు. కాకపోతే రెండూ ఒకే పథకంలో భాగాలు. విడివిడిగా చెబితే జపాన్ వాళ్లు ఇంత దూరం ఎందుకొచ్చారో పిల్లలకు అర్థం కాదు.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబు ఉంది. దాని పక్కన కొగ్గల, కొలంబో, సిలోన్‌లోని మరో రేవు ట్రింకోమలీ, విశాఖ, కాకినాడ అన్నీ కనిపించే మ్యాప్ ఒకటి పెట్టాలి. బిర్చాల్ పేరుతో పాటు ఆ విమాన సిబ్బంది పేర్లు, ముఖ్యంగా చనిపోయిన ముగ్గురివి, తెలుగులో రాయించాలి. ఇక్కడ బాంబు దాడిలో పోయినవాళ్ల పేర్లు పాత రికార్డుల్లో దొరికితే ముందు వరసలో అవే ఉండాలి. పెద్ద ఖర్చు కాదు. మ్యూజియం నిర్వాహకులు వచ్చే ఏప్రిల్ 6లోగా ఈ పని పూర్తిచేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం