పార్టీ మహాసభ ఇంటి పెళ్లి కాదు

సంపాదకుల వారికి,

మీ పత్రికలో పది రోజుల కిందట వచ్చిన వ్యాసం గురించి ఇప్పుడు రాస్తున్నాను. చదివిన రోజే రాయబోయాను. కోపంలో మాట తూలుతుందని కాగితం పక్కన పెట్టాను. కోపం తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

పార్టీ మహాసభ ఆ పార్టీ సొంత వ్యవహారమట. ఇంట్లో శుభకార్యానికి ఎవరిని పిలవాలో ఇంటివారి ఇష్టమైనట్టే, రోజూ తమను తిట్టే పత్రికకు, ఛానలుకు పాసు ఇవ్వకపోవడం పార్టీ హక్కట. ఒక తెలుగు పత్రికలో ఇలాంటి మాట అచ్చవుతుందని నేను అనుకోలేదు.

మా ఇంటి పెళ్లికి ఎన్నికల సంఘం గుర్తు కేటాయించదు. పార్టీకి కేటాయిస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద నమోదయ్యేటప్పుడు ప్రతి పార్టీ రాజ్యాంగానికీ, ప్రజాస్వామ్యానికీ విధేయంగా ఉంటానని రాసిస్తుంది. దాని విరాళాలకు ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు ఉంది. నా పింఛనుకు లేదు. సభ జరిగే రోజు బందోబస్తు పోలీసులది, దారి మళ్లింపులు మనకు, బస్టాండులో బస్సులుండవు. ఇన్ని జనం దగ్గర తీసుకుని, లోపల ఏం జరుగుతోందో చూసేవాడిని గేటు దగ్గర ఆపేస్తే అది సొంత వ్యవహారం ఎలా అవుతుంది?

అక్కడ తీసుకునే నిర్ణయాలు ఎలాంటివో ఒక్క ఉదాహరణ చెబుతాను, ఆ వ్యాసకర్తకు గుర్తుండే ఉండాలి. 2022 జులై 8, 9 తేదీల్లో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీ జరిగింది. జగన్‌మోహన్ రెడ్డి గారిని శాశ్వత అధ్యక్షుడిని చేస్తూ పార్టీ నియమావళి సవరించారని వార్తలొచ్చాయి. ఆ వార్తల మీదే ఎన్నికల సంఘం పార్టీని వివరణ అడిగింది. సెప్టెంబరులో ఉత్తర్వు ఇస్తూ, పార్టీలో ఏ పదవైనా శాశ్వతమనడం ప్రజాస్వామ్యానికి విరుద్ధమని తేల్చిచెప్పింది. జరిగిందేమిటో అంతర్గత విచారణ చేసుకుని, జనానికి స్పష్టంగా ప్రకటించమంది. వేల మంది కళ్లెదుట జరిగిన సభలో ఏం తీర్మానించారో తేల్చుకోవడానికి ఆ పార్టీకే విచారణ కావలసి వచ్చింది! విలేకరులు రాయకపోతే ఢిల్లీలో ఎన్నికల సంఘానికి ఆ సంగతి ఎలా తెలిసేది? పార్టీ పత్రికా ప్రకటన చదివి మనమూ, వాళ్లూ ఊరుకునేవాళ్లం.

ఒక్క పార్టీని పట్టుకున్నానని ఎవరూ సంతోషించనక్కర్లేదు. తెలుగుదేశం వారికి సాక్షి గిట్టదు, వైఎస్సార్ కాంగ్రెస్ వారికి ఆంధ్రజ్యోతి, టీవీ5 గిట్టవు. ఎవరు అధికారంలోకి వస్తే వారు ఈ గిట్టనితనాన్ని రాజ్య వ్యవహారం చేసేస్తారు. 2007లో జీవో 938, 2019లో జీవో 2430, రెండూ అధికారుల చేత పత్రికల మీద కేసులు పెట్టించడానికి వచ్చినవే. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఆంధ్రప్రదేశ్ కేబుల్‌లో టీవీ9, సాక్షి, ఎన్టీవీ, టెన్ టీవీ మాయమయ్యాయి. టీవీ9 ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. తెలంగాణలో 2014 జూన్‌లో టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆగాయి. ఆ సెప్టెంబరులో వరంగల్‌లో, కాళోజీ శతజయంతి నాడు, ముఖ్యమంత్రి కేసీఆర్ గారు తెలంగాణను కించపరిచే మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్న అర్థంలో మాట్లాడారు. నిర్భయంగా మాట్లాడటమే జీవితంగా బతికిన కాళోజీ పేరు మీద పెట్టిన సభలోనా ఆ మాట? పదేళ్లు దాటినా నాకు మింగుడుపడదు.

ఇక రాప్తాడు. 2024 ఫిబ్రవరిలో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ ఎన్నికల ప్రచారానికి పెట్టిన సిద్ధం సభలో ఆంధ్రజ్యోతి ఫొటోగ్రాఫర్‌ను కొట్టారు. కొట్టినవారికి ఆ ధైర్యం ఎక్కడిది? ఫలానా పత్రిక మన శత్రువని నాయకులు ప్రతి వేదిక మీదా పేరు పెట్టి చెబుతుంటే, కింద నిలబడ్డ కుర్రాడు కెమెరా మెడలో వేసుకున్న మనిషిలో ఉద్యోగిని చూడడు, శత్రువునే చూస్తాడు. పైన పాసు నిరాకరించడం, కింద చెయ్యెత్తడం రెండూ ఒకే దారిలో ఉన్నాయి.

గిట్టని పత్రికలు అబద్ధాలు రాస్తాయి కదా అని వ్యాసకర్త అడిగారు. రాస్తాయి, నేను కాదనను. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాడిని, ఇప్పుడు రోజూ శాఖా గ్రంథాలయానికి వెళ్లి మూడు పత్రికలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. 2022 మే నెలలో ఒంగోలు దగ్గర తెలుగుదేశం మహాసభ మహానాడు జరిగితే, మర్నాడు కూడా అలాగే చదివాను. ఒకదానిలో జనసంద్రం, ఒకదానిలో వేదిక మీది తిట్ల దండకం, ఇంకోదానిలో లోపలి పేజీలో ఒక మూల. మూడూ కలిపితేనే ఆ సభ నాకు కొంతైనా అర్థమైంది. ఒక్కటే చదివి ఉంటే మోసపోయేవాడిని. అబద్ధం రాస్తే ఖండన పంపండి, ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లండి, పరువునష్టం దావా వేయండి. గేటు మూయడం వల్ల అబద్ధం ఆగదు. లోపలికి రానివ్వని విలేకరి బయట నిలబడి విన్నదే రాస్తాడు.

గేటు మూస్తే మిగిలేదేమిటో ఇప్పటికే చూస్తున్నాం. పార్టీ వాళ్లే తీసి, పార్టీ వాళ్లే పంపే లైవ్. నాయకుడు మాట్లాడితే జనం వైపు కెమెరా, జనం లేస్తే నాయకుడి వైపు కెమెరా. ప్రశ్నలుండవు. నాయకులు వీడియో రికార్డు చేసి పంపేసి దాన్నే ప్రెస్‌మీట్ అంటున్నారు. ఈ జబ్బు అధికారులకూ అంటింది. మా ప్రాంతంలో ఒక కార్యాలయం నిర్వహించిన సమావేశంలో, వేసవిలో మంచినీళ్ల ట్యాంకర్లు ఎన్ని తిప్పారని ఒక పత్రికకు స్థానిక వార్తలు రాసే కంట్రిబ్యూటర్ అడిగాడు. మర్నాడు అతన్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. సమావేశాల కబురు కూడా ఇప్పుడు అతనికి అందదు. ట్యాంకర్ల లెక్క మాకు ఈనాటికీ తెలియలేదు. పార్టీ పెద్దలు నేర్పిన పాఠం ఇంత దూరం వచ్చింది.

2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందకే వస్తాయని చెప్పింది. ఒక్కటీ తలవంచలేదు. అన్ని విషయాల్లో కొట్టుకునే పార్టీలు ఆ ఒక్క విషయంలో కలిసిపోయాయి. లెక్కలు చూపించరు, సభలోకి రానివ్వరు, ఓటు మాత్రం అడుగుతారు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. అక్రిడిటేషన్ కార్డు ఉన్న ఏ విలేకరికైనా, ఏ పత్రికవాడైనా, మహానాడులో, ప్లీనరీలో కుర్చీ ఇవ్వాలి. స్థలం చాలకపోతే సంస్థకు ఒక్కరన్నది అందరికీ వర్తింపజేయాలి. తీర్మానాల ప్రతులు అదే రోజు అందరికీ ఇవ్వాలి. పార్టీలను నమోదు చేసే ఎన్నికల సంఘం ఈ మాట వారికి రాతపూర్వకంగా చెప్పాలి.

మీతో కూడా ఒక మాట చెప్పాలి. మీ విలేకరిని ఆపితే మొదటి పేజీలో వేస్తారు. పోటీ పత్రిక విలేకరిని ఆపినప్పుడు మీ పత్రికలో నాకు ఒక్క వాక్యం కనిపించలేదు, గ్రంథాలయంలో పాత సంచికలు వెతికి మరీ చూశాను. మిగతా పత్రికలూ అంతే. ఈసారి ఏ సభ గేటు దగ్గరైనా మీకు గిట్టని పత్రిక విలేకరిని ఆపితే, ఆ వార్త మీ పత్రికలోనే మొదట చదవాలని ఉంది.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా